పసిడికీ బంగారానికీ మధ్య

దేశి పదమైతే ప్రజల పదం, సంస్కృత మూలమున్నదైతే పాలకుల పదం అనే సూత్రం మన అభ్యుదయ రచయితల్లో చాలామందికి కంఠస్థం. దీన్ని నమ్మి, రాతప్రతిలో ‘బంగారం’ కనిపించినచోట ‘పసిడి’ అని దిద్దే కవులున్నారు. అలా దిద్దితే కవిత్వం ప్రజల భాషకు దగ్గరైందని తృప్తిపడే విమర్శకులూ ఉన్నారు. ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో ఈ రెండు మాటలమీదనే గీటు పెట్టి చూద్దాం.

నిఘంటువు ఈ రెండింటినీ పర్యాయపదాలంటుంది. జనవ్యవహారం అలా అనదు. పసుపులో, పసిమిలో ఉన్న ధాతువే పసిడిలోనూ ఉంది. అంటే అది లోహానికి రంగునుబట్టి వచ్చిన పేరు. ఆ మాటకు గల బలమంతా కంటికి సంబంధించినది. పొద్దుటి ఎండ పసిడి, మాగిన వరిచేను పసిడి, కావ్యనాయిక మేనిచాయ పసిడి. దూరంగా నిలబడి చూసేవాడు పలికే మాట అది.

బంగారం చేతికి తగిలే మాట. గీటురాయిమీద గీసేదీ, త్రాసులో తూచేదీ, తరుగు లెక్కగట్టేదీ బంగారాన్నే. కరువు ఏడాది ఏర్పేడు ప్రాంతపు రైతు ‘ఉన్న రెండు సవర్ల బంగారు కుదవ పెట్టినా’ అంటాడు. ‘పసిడి కుదవ పెట్టినా’ అన్న రైతును మనం కథల్లోనైనా చూసి ఉండం. బిడ్డను ఎత్తుకున్న తల్లి ‘నా బంగారు కొండ’ అంటుంది. సాయం చేసిన పొరుగువాణ్ణి తలచుకుని ‘వాడి మనసు బంగారం’ అంటాం. ‘వాడి మనసు పసిడి’ అని చూడండి, వాక్యం కుంటుతుంది. రంగు మనసుకు అంటదు, విలువ అంటుతుంది. ‘బంగారు కత్తి అని మెడ కోసుకుంటామా’ అనే సామెతలో విలువతోపాటు ఆ విలువమీద అనుమానం కూడా ఉంది. ‘బంగారు పళ్ళేనికైనా గోడ చేర్పు కావాలి’ అన్నప్పుడు ఎంత కలిగినవాడికైనా మరొకరి ఆసరా తప్పదనే అనుభవం ఉంది. ఈ ఆలోచనలన్నీ జనం బంగారం అనే మాటతోనే చేశారు.

పత్రికలు రోజూ ‘పసిడి ధర’ అని రాస్తున్నాయి గదా అని ఎవరైనా అడగవచ్చు. రాస్తున్నాయి. కాని ఆ శీర్షిక చదివి అంగడికి వెళ్ళిన మనిషి ‘ఈరోజు బంగారం ఎంత?’ అనే అడుగుతాడు. పత్రికలో పసిడి శీర్షికకు అలంకారం, అంతే.

ఇక పుట్టుక సంగతి. పసిడి దేశ్యం. దాని సంకుచిత రూపమైన పైడి, విజయనగరం పైడితల్లి పేరులోనూ, ఉత్తరాంధ్రలో పైడిరాజు, పైడమ్మ వంటి పేర్లలోనూ ఇంకా బతికి ఉంది. బంగారమో? దాన్ని మన నిఘంటుకర్తలు సంస్కృత ‘భృంగార’ శబ్దానికి వికృతిగా చెప్పారు. భృంగారమంటే బంగారు జలపాత్ర, రాజుల అభిషేకానికి వాడేది. రాజుగారి కలశానికున్న పేరు కాలక్రమాన తల్లి ఒడిలోని బిడ్డకు ముద్దుపేరైంది, చిత్తూరు జిల్లాలో బంగారుపాళెం అని ఊరి పేరైంది, బంగారమ్మ, బంగారయ్య అని మనుషుల పేర్లైంది. అచ్చమైన తెనుగు మాట మాత్రం నలుగురి నోట అరిగి, పేర్లలో, పుస్తకాల్లో, పత్రికల శీర్షికల్లో మిగిలింది. మన సూత్రం ఇక్కడే తలకిందులవుతున్నది.

ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. అచ్చతెనుగు కావ్యరచన పుట్టిందే ఆస్థానాల నీడలో. ఆ పద్ధతిలో తొలి కావ్యమని చెప్పుకునే పొన్నెగంటి తెలగనార్యుని ‘యయాతి చరిత్ర’ 16వ శతాబ్దంలో గోలకొండ సుల్తానుల అధికారి అమీన్ ఖానుకు అంకితమైంది. తత్సమాలను ఏరివేసి కావ్యం నడపడం పండితుడి పంతం. కూలివాడి నోట అలాంటి ఏరివేత ఎన్నడూ లేదు. వాడు తన పనికి పనికివచ్చే మాటను, అది ఏ గడపనుంచి వచ్చిందని అడగకుండా, తనదిగా చేసుకున్నాడు. గిడుగు రామమూర్తి వ్యావహారిక వాదానికి మూలం కూడా ఇదే. మాటకు ప్రమాణం వాడుక.

అయితే సంస్కృతపదమంతా శత్రువేనా? దీనికి జవాబు ఏర్పేడులోనే ఉంది. 1926లో మలయాళస్వామి అక్కడ వ్యాసాశ్రమం స్థాపించి, కులభేదం లేకుండా, స్త్రీలతో సహా అందరికీ సంస్కృతమూ వేదాంతమూ నేర్పించాడు. ఆ వేదాంతంతో మనకు ఏకీభావం ఉండనక్కరలేదు. కాని తరతరాలుగా మూసి ఉన్న తలుపును అక్కడ తెరిచారనే చారిత్రక సత్యాన్ని కాదనలేం. అలాగే, బంగారు పనిచేసే శ్రామికులు తమ సంఘాలకు ‘స్వర్ణకార’ అనే పేరు పెట్టుకుంటున్నారు. పాత కులనామంలో ఇతరులు ధ్వనింపజేసిన తేలికదనం ఆ పేరులో లేదు గనుక. ఇక్కడ తత్సమం ఆత్మగౌరవానికి ఆయుధం. అదే తత్సమం ‘స్వర్ణాంధ్ర’ అనే పాలకుల నినాదంలో మరో పని చేస్తుంది. తద్భవమూ అంతే. తల్లి నోట ‘బంగారు తల్లి’ లాలన, 2014 తర్వాత వేదికలమీద ‘బంగారు తెలంగాణ’ వాగ్దానం. మాట వర్గస్వభావం దాని ధాతువులో లేదు. ఎవరు, ఎవరితో, దేనికోసం అంటున్నారన్నదానిలో ఉంది.

ఏర్పేడు దాపున పారే ఏటి పేరు స్వర్ణముఖి. తమిళ శైవ సాహిత్యంలో అదే పొన్ముగలి. రెండు భాషల్లోనూ అది బంగారు ఏరే. ఏడాదిలో చాలాకాలం నీరు కనబడని ఆ ఏటి ఇసుకను చూసి ఒక కవి ‘పసిడి తిన్నెలు’ అని రాస్తే తప్పు కాదు. సాయంకాలం ఎండలో అది అలాగే ఉంటుంది. ఆ ఒడ్డున బోరుబావిమీద బతికే రైతు మాత్రం ‘ఇసుక బంగారమైపోయె’ అంటాడు. తోడుకుపోయేవాడికి అది డబ్బు, తనకు బావిలో అడుగంటే నీరు. కవి వాక్యంలో ఇసుకకు రంగు ఉంది. రైతు వాక్యంలో ధర ఉంది, లారీ ఉంది, ఎండిన బావి ఉంది.

2017 ఏప్రిల్ 21న ఆ రెండో వాక్యమే ఏర్పేడు రోడ్డుమీదికి వచ్చింది. స్వర్ణముఖిలో ఇసుక అక్రమ తవ్వకాలను ఆపాలని మునగలపాళెం రైతులు పోలీసు స్టేషనువద్దకు వచ్చి నిలబడ్డారు. అదుపు తప్పిన లారీ ఒకటి ఆ గుంపుమీదికి దూసుకొచ్చింది. ఆ ఊరివాళ్ళు పలువురు అక్కడే ప్రాణాలు విడిచారు. ఈ ఘటన తర్వాత ఆ ఏటిమీద పద్యం రాసేవాడు ఏ మాట ఎంచుకుంటాడన్నది శైలికి సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు.

పసిడిని నిషేధించమని నేననడం లేదు. వెలుగు గురించి చెప్పేచోట దాన్ని మించిన మాట లేదు. నా అభ్యంతరం, దేశి అనే ముద్ర చూసి దాన్ని ప్రజల పక్షాన లెక్కవేయడంమీద. కుదవలో ఉన్న నగను, తూకంలో మోసపోయిన మనిషిని, తోడిపోసిన ఏటిని పసిడి అనే మాటతో చెబితే కళ్ళకు మెరుపు మిగిలి, అప్పు కనబడకుండా పోతుంది. రచయిత పదాన్ని ఎంచుకునేముందు దాని వంశవృక్షాన్ని కాదు, ఇవాళ దాన్ని చేతబట్టుకుని ఉన్నవాణ్ణి చూడాలి.