యంత్రం లేస్తుంది, అనుమతి ఎవరిస్తారు?

హైదరాబాద్‌లో సంతోష్‌నగర్ దాటి కంచన్‌బాగ్ వైపు వెళ్తే డీఆర్‌డీఓ ప్రయోగశాలల గోడలు మొదలవుతాయి. ఆ ప్రయోగశాలల్లోనో, ఊరికి ఆ చివరన ఉన్న ఈసీఐఎల్‌లోనో పనిచేసి రిటైరైనవాళ్లు ఈ చుట్టుపక్కల కాలనీల్లో ఉంటారు. వాళ్లలో ఎవరింట్లోనైనా సజ్జ మీద బైండు చేసిన కంప్యూటర్ మాన్యువళ్లో, చిల్లులు పొడిచిన కాగితపు టేపు చుట్టలో ఉంటే, పాతపేపర్లవాడికి తూకానికి వేసేముందు కాస్త ఆగమని చెప్పడానికే ఈ వ్యాసం.

ఈసీఐఎల్ 1967లో అణుశక్తి శాఖ కింద మొదలైంది. దాన్ని నిలబెట్టినవారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు. ఏ.ఎస్. రావు నగర్‌లో ఫ్లాట్లు కొనుక్కున్న ఎందరికి ఆ ఏ.ఎస్. ఎవరో తెలుసో! ట్రాంబేలో రూపొందిన టీడీసీ-12, అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్, 1969లో వచ్చింది. ఆ వరుసలోనే ఈసీఐఎల్ నుంచి టీడీసీ-312, టీడీసీ-316 వచ్చాయి. అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్, అందరూ డెక్ అనే కంపెనీ, 1965లో 12 బిట్ల పీడీపీ-8ని, 1970లో 16 బిట్ల పీడీపీ-11ని తెచ్చింది. మన టీడీసీ-12, టీడీసీ-316ల బిట్ల లెక్క కూడా అదే. వీటిని మినీ కంప్యూటర్లనేవారు. మినీ అన్నది పేరుకే, ఒక్కొక్కటీ బీరువా అంత ఉండేది.

ఇలాంటి యంత్రాన్ని మళ్లీ నడిపించేవాళ్లకు మొదటి నియమం: వెంటనే ప్లగ్గు పెట్టకూడదు. ఏళ్ల తరబడి కరెంటు చూడని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల లోపలి ఆక్సైడు పొర పలచబడి ఉంటుంది. ఒక్కసారిగా 230 వోల్టులిస్తే వేడెక్కి పేలొచ్చు. అందుకే వేరియాక్ తిప్పుతూ గంటలకొద్దీ కొంచెం కొంచెంగా వోల్టేజీ పెంచుతారు, సిరీస్‌లో ఒక బల్బు పెడతారు. బల్బు నిండుగా వెలిగితే లోపల షార్టు ఉన్నట్టు. ఛత్తా బజార్‌లో మహబూబ్ రేడియో సర్వీస్ లాంటి చోట్ల వాల్వు రేడియోలు బాగుచేసిన చేతులకు ఇది చెప్పాల్సిన పని కాదు. ఆ పైన లాజిక్ బోర్డులన్నీ ఊడదీసి, వాటి బదులు రెసిస్టర్లు తగిలించి, 5 వోల్టులు కదలకుండా నిలుస్తున్నాయని తేలాకే బోర్డులు తిరిగి ఎక్కిస్తారు.

కోర్ మెమరీ ఉన్న యంత్రమైతే ఇంకో సంగతి ఉంది. సన్నటి ఫెర్రైటు రింగుల్లో అయస్కాంతంగా దాచిన సమాచారం కరెంటు పోయినా పోదు. దశాబ్దాల కిందట ఎవరో ఆఖరిసారి నడిపిన ప్రోగ్రామ్ అందులో ఇంకా ఉండొచ్చు. కానీ ఆ మెమరీని చదవడమంటే చెరిపి మళ్లీ రాయడమే. ఆ క్షణంలో పవర్ సప్లయి తడబడితే అదీ పోతుంది. తొందరపడేవాళ్లకు పనికొచ్చే విద్య కాదిది.

టేపుల కథ మరీ కష్టం. అయస్కాంతపు పొడిని పట్టి ఉంచే జిగురు గాలిలోని తేమ పీల్చి బంకగా మారుతుంది. అలాంటి రీలును 50 డిగ్రీల పైచిలుకు వేడిలో గంటల తరబడి ఆరబెట్టి, తేరుకున్న కొద్దికాలంలోనే చదివించి కాపీ తీసుకోవాలి. దాంతో పోలిస్తే చిల్లుల టేపు మొండిది. దాన్ని ఫోన్ కెమెరాతో ఫొటోలు తీసి, చిల్లులను లెక్కగట్టే చిన్న ప్రోగ్రామ్‌తో చదవొచ్చు.

అసలు యంత్రమే లేకపోతే? డెక్‌లో ఉన్నత పదవిలో పనిచేసిన బాబ్ సప్నిక్ 1993లో మొదలుపెట్టిన సిమ్‌హెచ్ అనే ఎమ్యులేటర్ మామూలు ల్యాప్‌టాప్‌ను పీడీపీ-8గానో, పీడీపీ-11గానో, డెక్ ఆ తర్వాత తెచ్చిన వ్యాక్స్‌గానో నటింపజేస్తుంది. అందులో టీడీసీ మాత్రం లేదు.

యంత్రం లేచినా, నటన కుదిరినా, అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. వ్యాక్స్‌ల ఆపరేటింగ్ సిస్టమ్ వీఎమ్ఎస్‌లో 1988 నాటి 5.0 వెర్షన్‌తో లైసెన్సు కాపలా వచ్చింది. కంపెనీ ఇచ్చిన కాగితం మీద ఉత్పత్తి పేరు, యూనిట్ల సంఖ్య, గడువు తేదీ, చివర 1 అంకె తర్వాత నాలుగేసి అక్షరాల చొప్పున నాలుగు గుంపుల చెక్‌సమ్ ఉంటాయి. వాటిని పొల్లుపోకుండా టైపు చేసి రిజిస్టర్ చేస్తేనే మిగతా టెర్మినళ్లు లాగిన్‌ను ఒప్పుకుంటాయి. లేదంటే ఆపరేటర్ కన్సోల్ ఒక్కటే దిక్కు. ఆ కాగితం పారేస్తే లక్షలు పోసి కొన్న సాఫ్ట్‌వేర్ కూడా పారేసినట్టే.

డెక్‌ను 1998లో కాంపాక్, కాంపాక్‌ను 2002లో హెచ్‌పీ మింగాయి. అభిరుచి కోసం నడుపుకునేవాళ్లకు 1997 నుంచి ఉచిత లైసెన్సులు అందేవి. హెచ్‌పీ నుంచి విడివడిన హెచ్‌పీఈ 2020లో ఆ పథకాన్ని ఆపేసింది, చివరి లైసెన్సు కీల గడువు 2021తో తీరింది. వీఎమ్ఎస్‌ను ఇప్పుడు చూసుకుంటున్న వీఎస్ఐ తెచ్చిన కమ్యూనిటీ లైసెన్సులో వ్యాక్స్‌కు చోటు దక్కలేదు. యంత్రం గడియారాన్ని వెనక్కి తిప్పితే పాత కీ పనిచేస్తుంది కదా అనేవాళ్లున్నారు. పనిచేస్తుంది. కానీ గడియారం మోసపోయినంత మాత్రాన ఒప్పందం బతికిరాదు. పీడీపీ-11 విషయంలో వింత ఇంకా ఎక్కువ: దాని ఆపరేటింగ్ సిస్టమ్‌లను చేపట్టిన మెంటెక్ కొన్ని పాత వెర్షన్లకు ఇచ్చిన ఉచిత అనుమతి ఎమ్యులేటర్‌కే పరిమితం. నకిలీకి లైసెన్సుంది, ఇంట్లో ఉన్న అసలు యంత్రానికి లేదు! నా దృష్టిలో దారి చూపింది అప్పట్లో యూనిక్స్ హక్కులున్న కాల్డెరా కంపెనీ. 2002లో తొలినాటి యూనిక్స్ వెర్షన్లను దాదాపు షరతుల్లేకుండా వదిలేసింది. అందుకే ఇవాళ ఏ విద్యార్థైనా వాటిని ఎవరినీ అడగకుండా తెరిచి చదువుకోవచ్చు.

మన చట్టం కొంత నయం. న్యాయంగా చేతికొచ్చిన ప్రోగ్రామ్‌కు, పాడైపోకుండా రక్షణగా కాపీ తీసి ఉంచుకోవడాన్ని కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ఒప్పుకుంటుంది. పంచిపెట్టడాన్ని మాత్రం ఒప్పుకోదు. ప్రభుత్వరంగ సంస్థల రచనలకు హక్కు ప్రచురించిన ఏడాది తర్వాత 60 ఏళ్లు. అంటే ఈసీఐఎల్ 1975లో ప్రచురించిన ప్రోగ్రామ్ ఏదైనా ఉంటే, దాని హక్కు 2035 చివరిదాకా ఈసీఐఎల్‌దే.

డెక్ అభిమానుల కంటే మనకున్న వీలు ఇదే. వాళ్ల యజమాని చేతులు మారి మారి ఎవరిని అడగాలో తెలియని స్థితికొచ్చాడు. మన యజమాని పేరు మార్చుకోకుండా, సంతోష్‌నగర్ నుంచి సిటీ బస్సులో పోయి రాగలిగినంత దూరంలోనే ఉన్నాడు. టీడీసీ సాఫ్ట్‌వేర్‌ను, మాన్యువళ్లను వ్యాపారేతర అవసరాలకు వదిలేయమని అడగడానికి ఒక ఉత్తరం, దానికి జతగా సజ్జ మీద దొరికిన మాన్యువళ్ల పేర్లు, టేపుల మీది చీటీల ఫొటోలు ఉంటే, ఫైలు కదపడానికి అక్కడి అధికారికి ఏదో ఒక ఆధారమైనా దొరుకుతుంది.