కరక్కాయ వగరు, పనివాళ్ళ చేయి

మంచి కరక్కాయ నీళ్ళలో వేస్తే మునగాలి. పదహారో శతాబ్దపు వైద్యగ్రంథం భావప్రకాశం చెప్పిన పరీక్ష ఇది. కాయ కొత్తగా, గట్టిగా, గుండ్రంగా, బరువుగా ఉండాలని, నీటిలో వేయగానే అడుక్కి చేరాలని అందులో ఉంది. పచారీ కొట్లో కాయలు ఏరుకునే వాళ్ళకు ఈ మాట ఇప్పటికీ పనికొస్తుంది. పురుగు తొలిచినవి, లోపల ఎండి గుల్లబారినవి తేలిపోతాయి. మందుకు కావలసింది గింజ కాదు, దాని చుట్టూ బిగుసుకున్న పెచ్చు.

ఆ పెచ్చు నిండా వగరే. టానిన్లనే పదార్థాల వల్ల వచ్చే వగరు అది. కరక్కాయలో అవి పుష్కలం. మాంసకృత్తులను పట్టి బిగించడం వాటి స్వభావం. లాలాజలంలోని మాంసకృత్తులను పట్టుకుంటే నోరు పిడచకట్టుకుపోతుంది. వదులైన చిగుళ్ళకు తగిలితే అవి బిగుస్తాయి. పచ్చిచర్మానికి పట్టిస్తే అది కుళ్ళకుండా తోలవుతుంది. అడవిలో రాలిన కాయకు ఇన్ని పనులు ఉండటం గొప్పే. అయితే నాకు అంతకన్నా గొప్పగా కనిపించేది ఆ వగరును ఎక్కడ బిగించాలో, ఎక్కడ సడలించాలో కనిపెట్టిన పనితనం.

వైద్యుల సంగతే చూడండి. ఒకే కాయను నాలుగు రకాలుగా వాడితే నాలుగు ఫలితాలంటారు వాళ్ళు. నమిలి తింటే ఆకలి పుడుతుంది. మెత్తగా నూరి పుచ్చుకుంటే విరేచనం అవుతుంది. ఉడికించి తింటే అదే కాయ విరేచనాలను కడుతుంది. వేయించి తింటే వాత పిత్త కఫాలు మూడూ శాంతిస్తాయి. పళ్ళు, రోలు, ఆవిరి, మూకుడు: మందును మార్చేది వీటిలో ఏది వాడామన్నదే. ఇంత సూక్ష్మంగా ఒక్క కాయను పరిశీలించిన వాళ్ళ ఓపికకు నేను చేతులు జోడిస్తాను.

మందుతో కలిపి పుచ్చుకునే అనుపానంలో కూడా అదే శ్రద్ధ. కరక్కాయలో ఉప్పు తప్ప మిగిలిన ఐదు రుచులూ ఉన్నాయని శాస్త్రం. వానాకాలంలో దాన్ని సైంధవ లవణంతో తినమన్నారు. శరత్తులో చక్కెరతో, హేమంతంలో శొంఠితో, శిశిరంలో పిప్పళ్ళతో, వసంతంలో తేనెతో, గ్రీష్మంలో బెల్లంతో. ఏడాది పొడుగునా కాయ మారదు, జత మాత్రం మారుతుంది. ఉసిరి, తానికాయలతో కలిస్తే అది త్రిఫల.

మన ఇళ్ళల్లో ఇంత శాస్త్రం అక్కర్లేకుండానే కరక్కాయ నడిచింది. దగ్గు వస్తే చిన్న పెచ్చు బుగ్గన పెట్టుకుని ఆ రసం మెల్లగా మింగడం ఎన్నో ఇళ్ళల్లో తెలిసిన మందు. నోరు పూస్తే, చిగుళ్ళు వాస్తే కషాయంతో పుక్కిలిస్తారు. పళ్ళు పుచ్చిపోయేలా చేసే సూక్ష్మజీవులను దీని సారం అణచగలదని ప్రయోగశాలల్లో కనబడింది. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. గర్భిణులకు, బాగా చిక్కిపోయిన వాళ్ళకు, ఉపవాసంతో నీరసించిన వాళ్ళకు కరక్కాయ పనికిరాదని ఆ పాత గ్రంథాలే హెచ్చరించాయి. రోజూ వేరే మందులు వాడేవాళ్ళు డాక్టరుతో మాట్లాడకుండా చూర్ణం మొదలుపెట్టకూడదు. సర్వరోగ నివారిణి అని అమ్మేవాళ్ళు కరక్కాయకు మేలు చేయడం లేదు.

ఇక ఇనుముతో దీని స్నేహం. ఇనుప కత్తితో పచ్చి కరక్కాయను కోస్తే కోసిన చోటు నల్లబడుతుంది. ఇనుమూ టానినూ కలిసి నలుపవుతాయి. చరక సంహిత ఈ కలయికను మందు చేసింది: కొత్త ఇనుప పాత్రకు త్రిఫల ముద్ద పూసి, ఒక పగలూ ఒక రాత్రీ ఉంచి, దాన్ని తేనె కలిపిన నీళ్ళతో పుచ్చుకోమంది. రాతపని చేసే రాయసకాళ్ళు అన్నభేది అనే ఇనుప లవణంతో కరక్కాయ కషాయాన్ని కలిపి సిరా చేసుకున్నారు. ఈ నలుపునే చిత్రకళగా మలిచిన చోటు శ్రీకాళహస్తి.

గుడ్డ మీద కలంతో బొమ్మలు వేసే అక్కడి కలంకారీలో మొదటి పని బొమ్మ గీయడం కాదు. ఉతికి గంజి పోగొట్టిన కోరా గుడ్డను పాలలో కలిపిన కరక్కాయ పొడిలో నానబెట్టి, పిండి, ఎండలో ఆరేస్తారు. గుడ్డ లేత పసుపుగా మారుతుంది. నూలులో మాంసకృత్తులు లేవు కాబట్టి వగరుకు అక్కడ గట్టి పట్టు దొరకదు. పాలు ఆ లోటు తీరుస్తాయి. అంతేకాదు, పాలలోని కొవ్వు వల్ల గీత పక్కకు పాకదు. పాలు తక్కువైతే గీస్తున్న దేవుడి కనుబొమ్మ చెదిరిపోతుంది. ఎంత పాలు, ఎంత పొడి, ఎంత ఎండ అన్నది పనివాడి చేతికే తెలుస్తుంది.

చింతపుల్లల బొగ్గుతో రూపురేఖలు వేసుకున్నాక కలం పడతారు. వెదురు పుల్లకు ఉన్నినో గుడ్డనో చుట్టి, దారంతో బిగించినది ఆ కలం. వేళ్ళతో మెల్లగా నొక్కితే చుట్టిన ఉన్ని పీల్చుకున్న సిరా మొనకు దిగుతుంది. ఆ సిరా కసిమి: తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో రెండు మూడు వారాలు పులిస్తే వస్తుంది. నలుపు కుండలో తయారై ఉండదు, గుడ్డ మీద పుడుతుంది. కలం తాకిన చోట ఇనుము కరక్కాయను కలుసుకుంటుంది, గీత చిక్కగా నల్లబడుతుంది. కరక్కాయ పట్టించని గుడ్డ మీద అదే కసిమి వెలవెలబోయిన మరకగా మిగులుతుంది.

ఎరుపుకు పటిక నీళ్ళు పూస్తారు. తర్వాత మంజిష్ఠ వంటి రంగు వేళ్ళతో కలిపి గుడ్డను ఉడికిస్తే, పటిక ఉన్న చోటే ఎరుపు పట్టుకుంటుంది. ఉతకడానికి స్వర్ణముఖి నదిలో పారే నీరు కావాలి, నిలవనీటిలో వదిలిన రంగు మళ్ళీ గుడ్డనే అంటుకుంటుంది. కమలాదేవి చటోపాధ్యాయ వంటి వాళ్ళ చొరవతో 1950లలో ఈ కళకు మళ్ళీ ఊపిరి వచ్చింది. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్పచెట్టి గారికి 2008లో పద్మశ్రీ దక్కింది. కృష్ణా జిల్లా పెడనలో అచ్చులతో అద్దే పనిలోనూ గుడ్డకు ముందు పట్టించేది కరక్కాయే.

ఇప్పుడు స్క్రీన్ మీద అచ్చేసిన చీరలు కూడా కలంకారీ పేరుతో బజారులో దొరుకుతున్నాయి. చేత్తో గీసిన దానికి డబ్బు పెట్టేవాళ్ళు అమ్మేవాళ్ళను గుడ్డకు కరక్కాయ, పాలు పట్టించారా, నలుపు కసిమితో వేశారా అని అడగాలి. ఆ పని చేసిన వాళ్ళయితే గుడ్డ ఎన్ని నాళ్ళు ఎండిందో కూడా చెప్తారు.