ఫెడ్ కెమెరా నిర్మాణం: అనుకరణ, ప్రమాణం, స్వతంత్రత

వ్యాససంగ్రహం:
సోవియట్ ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ నగరంలో 1934 నుంచి పెద్దసంఖ్యలో తయారైన ఫెడ్ కెమెరాను జర్మన్ లైకాకు నకలుగా పేర్కొనడం పరిపాటి. ఆ మాట నిజమే అయినా ఫెడ్ విషయంలో అదే తుది తీర్పు కాదు. ఒక యంత్రం రూపాన్ని అనుకరించడం వేరు, దాని భాగాలను మళ్ళీ మళ్ళీ ఒకే కొలతతో తయారుచేయగలగడం వేరు. ఈ భేదం ఆధారంగా తొలి ఫెడ్ నమూనాను, 1955 నాటి ఫెడ్-2ను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఫెడ్, లైకా, మకరెంకో, అనుకరణ, ప్రమాణం, రేంజ్‌ఫైండరు.

1. ఉపోద్ఘాతం:
అనుసరణ రచనను చర్చించేటప్పుడు సాహిత్య విమర్శ రెండు ప్రశ్నలు వేస్తుంది. మూలం నుంచి ఏమి తీసుకున్నారు? తీసుకున్నదాన్ని ఏమి చేశారు? యంత్రాల విషయంలో మాత్రం చర్చ మొదటి ప్రశ్నతోనే ఆగిపోతుంది. ఫెడ్ కెమెరాకు రెండవ ప్రశ్న కూడా వేయవలసి ఉంది.

2. నేపథ్యం:
అంతర్యుద్ధం, కరవు కారణంగా 1920ల సోవియట్ దేశంలో లక్షల మంది పిల్లలు దిక్కులేనివారయ్యారు. అటువంటి పిల్లల కోసం 1927లో ఖార్కివ్‌లో ఒక శ్రామిక కమ్యూన్ ఏర్పడింది. విద్యావేత్త అంతోన్ మకరెంకో దానికి నాయకత్వం వహించాడు. సోవియట్ రహస్య పోలీసు వ్యవస్థ స్థాపకుడు ఫెలిక్స్ ఎద్మూందొవిచ్ జెర్జిన్‌స్కీ స్మారకంగా దానికి ఆయన పేరు పెట్టారు. ఆ పేరులోని మూడు తొలి అక్షరాలే 'ఫెడ్'. కమ్యూన్ మొదట విద్యుత్ డ్రిల్లులు తయారుచేసింది. 1932లో వెట్జ్‌లర్‌లోని లైట్జ్ సంస్థ లైకా-2ను విడుదల చేసింది. అదే సంవత్సరం అక్టోబరులో దాని నమూనాపై కమ్యూన్‌లో మొదటి మూడు కెమెరాలు సిద్ధమయ్యాయి. 1934లో వరుస ఉత్పత్తి మొదలైంది.

3. అనుకరణకు హద్దులు:
లైకా-2, ఫెడ్ రెండింటి నిర్మాణసూత్రం ఒకటే. రెండింటిలోనూ 35 మి.మీ. ఫిల్ముపై 24×36 మి.మీ. చిత్రం పడుతుంది. అడ్డంగా కదిలే గుడ్డ తెరల షట్టరు సెకనులో 20వ వంతు నుంచి 500వ వంతు వరకు వేగాలనిస్తుంది. ఫిల్మును అడుగుమూత తీసి ఎక్కించాలి. దృశ్యాన్ని చూడటానికి ఒక రంధ్రం, దూరాన్ని సరిచూడటానికి మరొక రంధ్రం ఉంటాయి.

భేదాలు లోపలి భాగాల్లో కనిపిస్తాయి. రెండింటి 50 మి.మీ. లెన్సుల్లోనూ నాలుగు గాజులు మూడు వర్గాలుగా ఉంటాయి. అయితే లైకా ఎల్మార్ లెన్సులో కాంతిద్వారాన్ని నియంత్రించే డయాఫ్రం మొదటి గాజు వెనుకనే ఉంటే, ఫెడ్ లెన్సులో అది రెండవ, మూడవ వర్గాల మధ్య ఉంటుంది. లెన్సు కదలికను రేంజ్‌ఫైండరుకు అందించే మీట కొనకు లైకాలో చిన్న చక్రం ఉండగా, ఫెడ్‌లో మొనదేలిన లోహపు కొన ఉంటుంది. పాత సోవియట్ కెమెరాలపై లైకా పేరు చెక్కి అమ్మే నకిలీలను నిపుణులు ఈ గుర్తులతోనే పట్టుకుంటారు.

వీటికంటే ముఖ్యమైనది కొలత. లైకా ప్రమాణం ప్రకారం లెన్సు ఆనుకునే అంచు నుంచి ఫిల్ముకు దూరం 28.8 మి.మీ. ఫిల్ముపై 30వ వంతు మి.మీ. మసకను సహించవచ్చని అనుకుంటే, ఎఫ్/3.5 వద్ద ఆ దూరంలో అనుమతించదగిన తేడా అటూ ఇటూ సుమారు 0.1 మి.మీ. మాత్రమే. యుద్ధానికి ముందరి ఫెడ్‌లు ఈ పరీక్షలో నిలవలేదు. ఒక్కొక్క లెన్సును ఒక్కొక్క కెమెరాకు విడిగా సరిచేసి అమర్చారు. అందువల్ల ఒకదాని లెన్సు మరొకదానికి బిగించినా చిత్రం స్పష్టంగా రాకపోవచ్చు.

దీన్ని సోవియట్ అసమర్థతగా మాత్రమే చదవడం తొందరపాటు. 1930లో లెన్సు మార్చుకునే సౌకర్యంతో వచ్చిన లైకాలోనూ లెన్సులను ఆయా కెమెరాలకే జతపరిచేవారు. అన్నిటికీ సరిపోయే ప్రమాణం 1931లో గానీ ఏర్పడలేదు. అంటే ఖార్కివ్ బృందం లైకా పూర్తయిన రూపాన్ని ముందు పెట్టుకున్నప్పటికీ, ఆ రూపం వెనుక ఉన్న కర్మాగారపు అనుభవాన్ని మొదటి నుంచి గడించవలసి వచ్చింది. విప్పి చూసిన యంత్రం భాగాల ఆకారాన్ని చెబుతుంది గానీ, ఏ భాగంలో ఎంత తేడాను సహించవచ్చో చెప్పదు.

4. స్వతంత్రత వైపు:
1941లో కర్మాగారాన్ని సైబీరియాలోని బెర్ద్‌స్క్‌కు తరలించారు. 1948లో మాస్కో సమీపంలోని క్రస్నగోర్స్క్ కర్మాగారం ఈ నమూనాను మొదట ఫెడ్-జోర్కీగా, తరువాత జోర్కీగా తయారుచేసింది. పుట్టిన చోటుకు దూరంగా, వేరే కార్మికుల చేతుల్లో అదే కెమెరా రూపొందిందంటే ఆ జ్ఞానం వ్యక్తుల చేతిపనిని దాటి ప్రమాణంగా మారుతోందని అర్థం.

1955లో ఖార్కివ్‌లో వెలువడిన ఫెడ్-2 లైకా అడుగుజాడను స్పష్టంగా విడిచింది. వెనుక మూత పూర్తిగా ఊడివస్తుంది కనుక ఫిల్ము ఎక్కించడం సులువైంది. దృశ్యం, దూరం రెండూ ఒకే రంధ్రంలో కనిపిస్తాయి. రేంజ్‌ఫైండరు రెండు కిటికీల మధ్య దూరం సుమారు 38 మి.మీ. నుంచి 67 మి.మీ.కు పెరిగింది. కచ్చితత్వాన్ని ఈ దూరం ఒక్కటే నిర్ణయించదు, వ్యూఫైండరు వర్ధనం కూడా లెక్కలోకి వస్తుంది. అయినా ఈ మూడు మార్పులూ వాడేవారి ఇబ్బందిని గమనించి చేసినవే. ఇందులోనూ పరిమితులున్నాయి. షట్టరు గరిష్ఠ వేగం 500వ వంతు దగ్గరే ఆగింది, దీర్ఘ వేగాలు చేరలేదు.

5. ముగింపు:
ఫెడ్‌ను నకలుగా తోసిపుచ్చడం ఒక అతి, అనాథ బాలల అద్భుతంగా కీర్తించడం మరొక అతి. రెండవ దానిలో ప్రమాదం ఎక్కువ. కెమెరా పైభాగాన చెక్కిన మూడు అక్షరాలు వేలాది మందిని నిర్బంధించి, చంపిన వ్యవస్థను స్థాపించిన వ్యక్తివి. ఆ పిల్లలకు ఆశ్రయం, చదువు, పని దొరికిన సంస్థ కూడా ఆ వ్యవస్థ నీడలోనే నడిచింది. ఈ రెండు వాస్తవాల్లో ఏ ఒక్కటీ రెండవదాన్ని రద్దు చేయదు. కెమెరాను ప్రశంసించే విమర్శ ఈ రెండింటినీ చెప్పాలి.

నిర్మాణపరంగా చూస్తే తొలి ఫెడ్ విలువ దాని పోలికలో లేదు, పోలిక కుదరని చోట్ల ఉంది. లెన్సు మార్పిడి దగ్గర ఎదురైన వైఫల్యమే ప్రమాణం అవసరాన్ని బయటపెట్టింది. ప్రమాణం అలవడిన తరువాతే ఫెడ్-2 వంటి స్వతంత్ర రచన సాధ్యమైంది. అనుకరణను విలువకట్టేటప్పుడు అది మూలానికి ఎంత దగ్గరగా ఉందన్నదానితో పాటు, అనుకరించినవారిని ఎక్కడికి చేర్చిందన్నది కూడా చూడాలని ఫెడ్ చరిత్ర సూచిస్తుంది.