ఒక బిరుదు, మూడు మాటలు: మెస్సీయ, క్రీస్తు, అభిషిక్తుడు

ఫుజైరాలో నివసించే తెలుగువారికి ‘అల్-మసీహ్’ అన్న మాట కొత్త కాదు. యేసును అరబ్బు క్రైస్తవులూ ముస్లిములూ కూడా ఆ బిరుదుతోనే పేర్కొంటారు. ఖుర్ఆన్‌లో అది 11 సార్లు వస్తుంది. అరబ్బీలో ఆ ధాతువుకు తుడవడం, చేత్తో రాయడం అని అర్థం. నమాజుకు ముందు తడిచేత్తో తల తుడుచుకోవడాన్ని కూడా ‘మస్‌హ్’ అనే అంటారు. దీనికి సోదర ధాతువైన హీబ్రూ పదం నుంచి ‘మాషియహ్’ వచ్చింది: నూనె పూయబడినవాడు అని అర్థం. అరబ్బీలో ఒక్కటిగా నిలిచిన ఈ బిరుదు తెలుగు బైబిలులో మూడు ముక్కలయింది. ఆ చీలిక వల్ల అర్థంలో ఏం పోయిందన్నది ఆలోచించవలసిన విషయం.

హీబ్రూ గ్రంథాలలో ఈ మాట దేవుణ్ణి సూచించదు. సౌలు, దావీదు వంటి రాజులూ, ప్రధాన యాజకుడూ అభిషిక్తులే. యెషయా గ్రంథం 45వ అధ్యాయం పారశీక చక్రవర్తి కోరెషుకు సైతం ఇదే బిరుదు ఇస్తుంది. అంటే ఇది ఒక పనికి నియమితుడైన మనిషి బిరుదు. గ్రీకు అనువాదకులు దీన్ని ‘క్రిస్తోస్’ అన్నారు. కనుక రెండవ కీర్తనలోని రాజునూ, సువార్తలలోని యేసునూ గ్రీకు పాఠకుడు ఒకే మాటతో చదివాడు. తెలుగులో పాత నిబంధన రాజు ‘అభిషిక్తుడు’ అయ్యాడు, కొత్త నిబంధన యేసు ‘క్రీస్తు’ అయ్యాడు. ‘మెస్సీయ’ అన్న రూపం గ్రీకు మూలంలో యోహాను సువార్తలో రెండుసార్లు మాత్రమే ఉంది. ఫలితంగా ‘క్రీస్తు’ బిరుదుగా కాక, యేసు పేరులో రెండో సగంగా స్థిరపడింది.

అయితే అంతటా ‘అభిషిక్తుడు’ అంటే సరిపోతుందా? తెలుగు చెవికి అభిషేకమంటే రాముడి పట్టాభిషేకం, గర్భగుడిలో శివలింగం. రెండూ వైభవాన్నే స్ఫురింపజేస్తాయి. మార్కు సువార్త ఈ వైభవాన్నే తలకిందులు చేస్తుంది. ఎనిమిదవ అధ్యాయంలో పేతురు ఆ బిరుదు పలికిన వెంటనే యేసు తన శ్రమల గురించీ మరణం గురించీ చెబుతాడు. పేతురు అడ్డుపడి మందలింపు తింటాడు. పద్నాలుగో అధ్యాయంలో, బేతనియలో పేరు చెప్పని ఒక స్త్రీ ఆయన తలమీద పరిమళ తైలం పోస్తుంది. ‘క్రిస్తోస్’కు మూలమైన క్రియను మార్కు అక్కడ వాడలేదు. అయినా రాజుకు జరగవలసినది జరిగినట్టే ఉంటుంది. దాన్ని యేసు తన భూస్థాపనకు సిద్ధపరచడంగా వివరిస్తాడు.

ఇస్లాం బిరుదును అంగీకరించి సిలువ మరణాన్ని నిరాకరిస్తుంది. యూదు విశ్వాసం మెస్సీయ కోసం ఇంకా ఎదురుచూస్తుంది. కాబట్టి క్రైస్తవం ఈ మాటకిచ్చిన ప్రత్యేకార్థం నిఘంటువులో దొరకదు. సిలువకూ రాజరికానికీ వేసిన ముడిలో ఉంది.

తెలుగునాట ఈ ముడికి మరో బరువు కూడా ఉంది. 1878 జులైలో ఒంగోలు ప్రాంతాన గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అధికులు మాదిగలు. అభిషేకం జరిగే చోటికి వారికి ప్రవేశం లేదు. జాషువ 1941లో ప్రచురించిన ‘గబ్బిలం’లో నాయకుడు శివుడికి తన మొర గబ్బిలంతో పంపుకుంటాడు. గుడిలోకి దానికి అడ్డులేదు, అతనికి ఉంది. అదే కవి రాసిన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. గుడి బయట నిలబెట్టబడినవారికి, ఊరి బయట సిలువ వేయబడినవాడే అభిషిక్తుడు అని వినడం చిన్న విషయం కాదు. ‘క్రీస్తు’ అన్నది పేరుగా మాత్రమే వినిపించే చోట ఆ మాట వారికి చేరదు.

కాబట్టి పేరుగా వాడిన చోట ‘క్రీస్తు’ ఉండవచ్చు. పేతురు ఒప్పుకోలులోనూ, ప్రధాన యాజకుడి ప్రశ్నలోనూ అది బిరుదు. అక్కడ ‘అభిషిక్తుడు’ అనే అనువదించాలి. ఆ మాటలోని వైభవం అలాగే ఉండనివ్వాలి. అది ముందు వినబడితేనే, దాన్ని మార్కు ఎలా తిరగరాశాడో తెలుగు పాఠకుడికి తెలుస్తుంది.