పెరిగినది చిరునామా, వేగం కాదు

మాంచెస్టర్‌లో తయారైన అట్లాస్ కంప్యూటరును గురించి కిల్బర్న్, ఆయన సహచరులు ముగ్గురు 1962లో ప్రకటించిన వ్యాసం పేరు ‘వన్-లెవెల్ స్టోరేజ్ సిస్టమ్’. నేడు పాఠ్యగ్రంథాలలో వర్చువల్ మెమొరీ అని చెప్పే పద్ధతికి ఇదే మూలమనవచ్చు.

అట్లాస్‌లో త్వరగా అందే కోర్ మెమొరీలో పట్టేవి 32 పేజీలు, పేజీకి 512 పదాలు. తక్కినవన్నీ తిరిగే డ్రమ్ముల మీద ఉండేవి. కావలసిన పేజీ కోర్‌లో లేకపోతే యంత్రమే దానిని తెచ్చుకొనేది. దేనిని ఖాళీ చేయవలెనో కూడ తానే నిర్ణయించేది. ఒక పేజీని వాడి ఎంతసేపయినదో, ఇంతకుముందు అది ఎంతసేపు ఊరక పడి ఉన్నదో పోల్చి చూసే ఆ పద్ధతి నిజంగా ముచ్చటైనది. ప్రోగ్రాము వ్రాసేవారికి పేజీల రాకపోకల లెక్క తప్పింది. ఈ మేలును తక్కువ చేయరాదు.

నా అభ్యంతరమల్లా పేరు మీదనే. చిరునామాలలో అంతస్తు ఒకటే. కాలంలో మాత్రం రెండు. కోర్‌లోని పదం అందడానికి సుమారు 2 మైక్రోసెకండ్లు చాలు. డ్రమ్ము మీది పేజీ కోసం సగటున 6 మిల్లీసెకండ్లు కాచుకోవాలి. దానిని దించుకోవడానికి మరి 2.

64 అడ్డువరుసలు, వరుసకు 512 సంఖ్యలు గల పట్టికను తీసుకొందాము. ఒక్కొక్క వరుస ఒక్కొక్క పేజీలో ఉన్నదనుకొందాము. అడ్డంగా కూడుతూ పోతే 64 పేజీలు తెస్తే సరి. డ్రమ్ముకు పట్టేది అర సెకండు. నిలువుగా కూడితే అడుగడుగునా పేజీ మారుతుంది. అడుగులు 32,768. కోర్‌లో పట్టేవి సగం పేజీలే గనుక, ఎంత తెలివిగా ఎన్నుకొన్నా దాదాపు సగం అడుగులకు డ్రమ్ము కోసం ఆగక తప్పదు. అంటే రెండు నిమిషాల పైమాట! జవాబు మాత్రం అదే. ‘మెమొరీ చాలకపోతే డిస్కు ఉన్నదిగా’ అని సరిపెట్టే ఉపాధ్యాయులు ఈ లెక్కను నల్లబల్ల మీద వేయించవచ్చు.

పేజీని పెద్దది చేస్తే? 1,024 పదాలు 10 మిల్లీసెకండ్లలో వస్తాయి. పదం ఒక్కింటికి ఖర్చు తగ్గుతుంది. కాని కోర్‌లో అటువంటివి 16 మాత్రమే పడతాయి. ఇరవై చోట్ల తిరిగే ప్రోగ్రాము మునుపటికంటె అవస్థ పడుతుంది. ఈ బేరం నేటికీ తెగలేదు. వరుసగా చదివే ఫైలును లినక్స్ సాధారణంగా 128 కిలోబైట్ల వరకు ముందుగానే తెచ్చుకొంటుంది. అక్కడొకటి ఇక్కడొకటి అడిగే ప్రోగ్రాముకు ఆ ముందుచూపు అక్కరకు రాదు.

పలు ప్రోగ్రాములు ఒకేసారి నడిచినప్పుడు పేజీల పెనుగులాటలో అసలు పనే కుంటుపడడాన్ని డెన్నింగ్ 1968లో విశదీకరించాడు. ఏ పేజీని తీయాలన్నదే కాక, ఎన్ని ప్రోగ్రాములను లోనికి రానీయాలన్నదీ ప్రశ్నేనని ఆయన చూపాడు.