న్యూట్రాన్‌కు చాళ్లు, గామాకు మందం

న్యూట్రాన్‌కు గానీ గామా కిరణానికి గానీ విద్యుదావేశం ఉండదు. అందుకే సెమీకండక్టర్ వీటిని నేరుగా గుర్తించలేదు. అవి లోపల ఆవేశం ఉన్న ఒక కణాన్ని కదిలించాలి. ఆ కణం దారిపొడవునా ఎలక్ట్రాన్లను, అవి వదిలిన ఖాళీలైన హోల్స్‌ను విడదీస్తేనే సంకేతం పుడుతుంది.

గామా విషయంలో కదిలేది ఎలక్ట్రాన్. పరమాణు సంఖ్య పెద్దదై, స్ఫటికం మందంగా ఉంటే కిరణం బాగా చిక్కుతుంది. సంఖ్య 14 మాత్రమే ఉన్న సిలికాన్ ఈ పనికి చాలదు. జెర్మేనియం కిరణాల శక్తిని ఎంతో కచ్చితంగా చెబుతుంది గానీ, దాన్ని ద్రవ నైట్రోజన్‌తోనో కూలర్‌తోనో బాగా చల్లబరచక తప్పదు. కాడ్మియం జింక్ టెల్యూరైడ్ గది ఉష్ణోగ్రతలోనే పనిచేస్తుంది. దాని చిక్కల్లా హోల్స్‌తోనే: నెమ్మదిగా కదిలి మధ్యలోనే చిక్కుకుపోతాయి. దాంతో ఒకే శక్తి ఉన్న కిరణం, తాకిన లోతును బట్టి వేర్వేరు సంకేతాలిస్తుంది. స్ఫటికాన్ని మార్చకుండా, ఎలక్ట్రాన్ల కదలికను మాత్రమే లెక్కించేలా ఎలక్ట్రోడ్లను అమర్చే మార్గాన్ని 1994లో పాల్ ల్యూక్ చూపాడు. డిటెక్టర్ రూపకల్పనలో అసలైన ప్రతిభ ఇలాంటిదే.

న్యూట్రాన్‌కు మరో మెట్టు కావాలి. సిలికాన్‌పై లిథియం-6 ఫ్లోరైడ్ పూస్తారు. నెమ్మదైన న్యూట్రాన్‌ను లిథియం మింగగానే 2.05 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల ఆల్ఫా కణం, 2.73 మిలియన్ల ట్రైటాన్ (ట్రిటియం కేంద్రకం) ఎదురెదురు దిక్కులకు దూసుకుపోతాయి. పూత పలచనైతే న్యూట్రాన్లు తప్పించుకుంటాయి. మందమైతే ఆ కణాలు పూతలోనే ఆగిపోతాయి. ఎంత సరిచూసినా చదును పూత నూటికి నాలుగైదు న్యూట్రాన్లను మించి పట్టదు. అందుకే సిలికాన్‌లో దుక్కి చాళ్లలాగా లోతైన సన్నని గాడులు చెక్కి, వాటిని లిథియం ఫ్లోరైడ్ పొడితో నింపుతారు. ఇప్పుడు కణం ఎటు వెళ్లినా పక్కనే సిలికాన్ గోడ ఉంటుంది. కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో డగ్లస్ మెక్‌గ్రెగర్ బృందం ఈ పద్ధతితో సామర్థ్యాన్ని 30 శాతం దాటించింది.

అయినా సామర్థ్యం ఒక్కటే గొప్ప కాదు. న్యూట్రాన్లున్న చోట సాధారణంగా గామా కూడా ఉంటుంది. దాన్ని న్యూట్రాన్‌గా లెక్కిస్తే ఆ అంకెకు విలువ లేదు. గామాకు పనికిరాని సిలికాన్ ఇక్కడ రాణించేది ఆ బలహీనత వల్లనే. పలుచని సిలికాన్‌లో గామా వదిలే సంకేతం చిన్నది, ఒక హద్దు పెట్టి కోసేయవచ్చు.

కాడ్మియం-113 నెమ్మదైన న్యూట్రాన్లను విపరీతంగా మింగి 558 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామాను వెలువరిస్తుంది కనుక, ఒకే కాడ్మియం స్ఫటికంతో రెండు పనులూ జరుగుతాయన్న ఆశ సహజం. కానీ ఆ గామా మిగతా గామాల గుంపులో కలిసిపోతుంది. గామాకు మందమైన బరువు స్ఫటికం, న్యూట్రాన్‌కు గాడుల సిలికాన్, రెండూ పక్కపక్కనే పెట్టడమే మేలు.