సేనాని లేని యుద్ధ నవల

వియత్నాం అనగానే మన అభ్యుదయ కవిత్వంలో రెండే ముఖాలు: హోచిమిన్, జనరల్ గియాప్. 1968 టెట్ దాడిని గియాప్ వ్యూహ చాతుర్యానికి పరాకాష్ఠగా ఒక సాహిత్య సభలో వర్ణించిన వాణ్ణే నేను కూడా. ఎవరూ కాదనలేదు. ఆ జనవరి చివర దాడి మొదలైనప్పుడు గియాప్ వైద్యం కోసం హంగరీలో ఉన్నాడనీ, పథకానికి పట్టుబట్టింది పార్టీ ప్రథమ కార్యదర్శి లే జువాన్ అనీ చరిత్రకారులు తర్వాత బయటపెట్టారు. అంతకుముందు 1967లో గియాప్ సన్నిహితులు కొందరు హనోయ్‌లోనే అరెస్టయ్యారు.

గియాప్ గొప్పతనం మనం పొగిడిన చోట లేదు. 1954 జనవరిలో దియన్ బియన్ ఫూ మీద మెరుపుదాడికి అంతా సిద్ధమయ్యాక, చివరి గడియలో ఆపించాడు. సైనికులు చేతులతో కొండలెక్కించిన ఫిరంగుల్ని మళ్లీ వెనక్కి లాగించాడు. తన జీవితంలో అతి కఠినమైన నిర్ణయం అదేనని తానే రాసుకున్నాడు. మార్చి 13న మొదలైన దాడి మే 7న విజయంతో ముగిసింది. దాడి చెయ్యని ఆ రోజు మీద మనవాళ్లు గేయం కట్టినట్టు నాకు గుర్తులేదు.

బావో నిన్ నవల ‘ది సారో ఆఫ్ వార్’ చదివాక ఇదంతా మళ్లీ తవ్వుకున్నాను. రచయిత 1969లో యుద్ధానికి వెళ్లిన ఉత్తర వియత్నాం సైనికుడు. తన దళంలోని 500 మందిలో మిగిలింది పదిమంది. కథానాయకుడు కియెన్ యుద్ధానంతరం అడవిలో సహచరుల అస్థికలు వెతుకుతాడు. నవలలో పెద్ద సేనాని ఎవడూ లేడు. ఆజ్ఞ వస్తుంది, ఇచ్చినవాడి ముఖం కనబడదు. 1991లో అక్కడి రచయితల సంఘం బహుమతి పొందిన ఈ పుస్తకమే, విజయాన్ని కించపరిచిందన్న నింద మోసింది.

ఆ నింద అన్యాయం. నా అభ్యంతరం వేరు. సామ్రాజ్యవాద బాంబుల కింద ఆ ప్రజలు ఎందుకు నిలబడ్డారో నవల లోతుగా పట్టించుకోదు. ఆజ్ఞను వానలాగా, మలేరియాలాగా పైనుంచి వచ్చిపడేదిగా చూపితే దానికి బాధ్యుడెవరూ ఉండడు. మన గేయాల్లో తప్పు చెయ్యని నాయకుడు, ఇక్కడ అసలు లేని నాయకుడు! రెండు చోట్లా, పది మంది ఎందుకు మిగిలారన్న ప్రశ్నకు జవాబు చెప్పేవాడు లేడు.

1982లో గియాప్‌ను పొలిట్‌బ్యూరో నుంచి తప్పించారు. 2013లో 102 ఏళ్ల వయసులో ఆయన పోయాడు. లే జువాన్ పేరు మాత్రం నేను చదివిన ఒక్క తెలుగు కవితలోనూ కనబడలేదు. నా సభావ్యాసం పాత సంపుటిలో అలాగే ఉంది. మలిముద్రణకు ఇచ్చే ముందు ఆ పేజీలు కొట్టేసి మళ్లీ రాయాలి.